ఆవలో స్థానిక పక్షులు

కొండకర్ల ఆవకు మంచిరోజులొచ్చాయి. ఆ మంచినీటి సరస్సును తీరప్రాంత జాతీయ ఉద్యానవనం స్థాయికి పెంచి, అక్కడి పక్షులకు తొలిసారిగా గుర్తింపు ఇవ్వబోతున్నారు మంత్రిగారు. ఈ శుభవార్తను అనకాపల్లి బెల్లం వ్యాపారి, మంత్రిగారి ముఖ్య అనుచరుడు చంద్రమౌళి విలేకరులకు చెప్పాడు. ఇన్నాళ్లూ గుర్తింపు లేకుండానే ఎగిరినందుకు పక్షుల తరఫున కాస్త నొచ్చుకున్నాడు కూడా.

"సముద్రం అక్కడికి దూరం కదండీ?" అన్నాడొక విలేకరి.

"మంత్రిగారు తల్సుకుంటే అదే దగ్గిరికి వత్తాది" అన్నాడు చంద్రమౌళి.

పార్కుకి ఒక కమిటీ, కమిటీకి ఒక చైర్మన్ ఉంటారు. ఆ చైర్మన్ తనే కావాలని చంద్రమౌళి ప్రాణం కొట్టుకుంటోంది. మంత్రిగారు ప్రజాసేవ కోసం మూడుసార్లు పార్టీ మారితే, మూడుసార్లూ ఎందుకని అడక్కుండా కండువా మార్చిన మనిషి. ఇంతవరకూ ఒక్క కుర్చీ దక్కలేదు. "చైర్మన్‌గారూ" అంటే ఎలా ఉంటుందోనని ఇంట్లో భార్య వరహాలక్ష్మి చేత పిలిపించుకుని చూశాడు. బాగానే ఉంది.

సభకు ముందురోజు మంత్రిగారి పీఏ ఏర్పాట్లు చూడడానికొచ్చి, స్వాగత ద్వారం దగ్గర కారు ఆపించాడు. పైన ఫ్లెక్సీ మీద "వలస పక్షులకు హృదయపూర్వక స్వాగతం" అని ఉంది. దాని కింద మంత్రిగారు చేతులు జోడించి నవ్వుతున్నారు.

"ఇది ఎవరి గురించి రాయించారు?"

"పక్షుల గురించేనండి."

"కింద ఫొటో ఎవరిది?"

చంద్రమౌళి ఫ్లెక్సీని మళ్లీ చదివాడు. పార్టీ మారినప్పుడల్లా మంత్రిగారిని గిట్టనివాళ్లు అన్న మాట అదే, వలస పక్షి అని. వెంటనే ఫ్లెక్సీలు వేసే సాదిక్‌కి ఫోన్ కొట్టాడు.

"వలస తీసెయ్ భాయ్. స్థానిక పక్షులు అని పెట్టు."

"ఇక్కడే ఉన్నోటికి స్వాగతమేటి బావా?"

"నువ్వు ప్రింటు కొట్టు. అర్థం నాను సూసుకుంటాను."

ఫ్లెక్సీ మారింది గానీ పక్షులు మారలేదు. మంత్రిగారికి వాటిని చూపించాల్సిన అటవీ అధికారి లావణ్య, అవి సైబీరియా నుంచి వలస వస్తాయని చెప్పడానికి సిద్ధమై కూర్చుంది. చంద్రమౌళి పరుగున వెళ్లాడు.

"ఆ మాట అనకండమ్మా. అవి ఇక్కడివే."

"ఎండలు ముదిరితే వెళ్లిపోతాయండీ!"

"ఎల్తాయి. సుట్టపుసూపుగా ఎల్తాయి. సలికాలానికి సొంతూరొచ్చేత్తాయి."

ఏడాదిలో రెండు బదిలీలు చూసిన లావణ్య ఇక వాదించలేదు.

సభరోజు మంత్రిగారు నేచర్ వాక్ చేశారు. కాళ్లకు గడ్డి తగలకుండా గట్టు పొడవునా పచ్చ తివాచీ పరిచారు. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని ఆయన చాలాసేపు పరవశించాక, పీఏ వెళ్లి దాని మూత తీశాడు.

"ఇవెక్కడి పక్షులమ్మా?"

"ఇక్కడివే సార్" అంది లావణ్య. "చలికాలం ఇక్కడుంటాయి. తక్కిన కాలం సైబీరియా వెళ్లొస్తాయి."

"అయితే ఎక్కడున్నా మనవే!"

"మనసంతా ఇక్కడే ఉంటాది సార్" అన్నాడు చంద్రమౌళి.

మంత్రిగారు ఆ మాటకు కదిలిపోయారు. వేదికెక్కి, చలికాలానికి తప్పకుండా వచ్చేవాడే అసలైన స్థానికుడని ఆ పక్షులు మనకు నేర్పుతున్నాయన్నారు. చైర్మన్ పదవి కూడా స్థానికుడికే ఇస్తానన్నారు. చంద్రమౌళి చొక్కా సర్దుకుని లేచి నిలబడ్డాడు.

"మౌళీ, మీదే ఊరు?" అని మైకులోనే అడిగారు మంత్రిగారు.

"పుట్టింది మాకవరపాలెం సార్. అనకాపల్లి వచ్చి ముప్పయ్యేళ్లయింది."

"మళ్లీ ఎటైనా వెళ్లావా?"

"లేద్సార్. ఇక్కడే ఉండిపోయేను."

"చూశారా!" అని మంత్రిగారు జాలిగా సభకేసి తిరిగారు.

తర్వాత వేదిక మీదే కూర్చున్న తన బావమరిది రామ్‌గోపాల్ పేరు ప్రకటించారు. ఆయన ఉండేది సింగపూర్‌లో. ఏటా డిసెంబరులో వచ్చి, ఎండలకు ముందే వెళ్లిపోతాడు. సభ చప్పట్లతో మారుమోగింది. చంద్రమౌళికి ఏడుపొచ్చింది. తన మెడకని తెప్పించుకున్న దండే తీసుకెళ్లి కొత్త చైర్మన్‌కి వేశాడు.

దండకు మెడ వంచిన రామ్‌గోపాల్ అలాగే అతని చెవి దగ్గరకొచ్చాడు.

"ఇంతకీ ఈ ఊరి పేరేంటండీ?"

చంద్రమౌళి మైకుకి చెయ్యి అడ్డం పెట్టి చెప్పాడు.