తొలి విజేత రత్నాలమ్మకు ఘన సన్మానం

పలాస నగర మారథాన్‌కు పదేళ్లు నిండిన సందర్భంగా, ఆ తొలినాళ్ల తీపి గుర్తులను నెమరువేసుకునే కార్యక్రమం రెండో శనివారం ఉదయం ఐదున్నరకు స్టేషను రోడ్డులో వైభవంగా మొదలైంది. పలాసను నగరమని ప్రభుత్వం ఇంకా ఒప్పుకోలేదు గానీ, పరుగుమిత్ర సంఘం ఎప్పుడో ఒప్పుకుంది. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లని కొందరు చదువుకున్నవాళ్లు గొణుగుతుంటారు. ఇక్కడ ఐదు. ఉద్దేశం కిడ్నీ జబ్బుపై అవగాహన కాబట్టి దూరం గురించి పట్టింపు అక్కర్లేదని సంఘం అధ్యక్షులు, జీడిపప్పు వ్యాపారి నాగరాజుగారు మొదటి ఏడే తేల్చేశారు. ఉద్దానంలో ఆ జబ్బు సంగతి తెలియని మనిషి దొరకడం కష్టం గనుక, అవగాహన పొందడానికి విశాఖ నుంచి ముందు రాత్రే మూడు బస్సుల్లో జనాన్ని రప్పించారు.

వేదిక మీద మొదటి వరసలో రత్నాలమ్మ కూర్చుంది. వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటల ఊరు ఆవిడది. ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు నల్లగా ఉన్నాయి. ఒళ్లో ఆస్పత్రి ఫైలు పెట్టుకుని, ఎదురుగా స్టేషను గడియారాన్నే చూస్తోంది. ఏడింటికి ఆవిడ డయాలసిస్ కుర్చీలో ఉండాలి. ఏడు దాటితే ఆ కుర్చీ, కాచుకుని ఉన్న ఇంకొకరికి పోతుంది. పరుగు కోసం తెల్లవారకముందే బస్సులూ ఆటోలూ ఊరి బయటే ఆపేశారు కాబట్టి, పలాసలోకి వచ్చే వాహనం సంఘం కారు ఒక్కటే. ఆరున్నరకల్లా ఆస్పత్రి గుమ్మంలో దింపుతామని నాగరాజుగారు మాటిచ్చాక ఆవిడ అదెక్కింది.

ఆరుంబావుకు నాగరాజుగారు మైకు అందుకున్నారు.

"ఆ రోజులే వేరండీ! బూట్లెక్కడివి? టీషర్టులెక్కడివి? చెప్పులు చేతబట్టుకుని, కొంగు బిగించి, చేతిలో రిలే కర్రతో మా రత్నాలమ్మ దూసుకొచ్చిన దృశ్యం నా కళ్లలో ఇంకా మెదులుతోంది. ఆ తపన ఇవాళ్టి యువతలో ఏదండీ?"

మొదటి ఏడు పరుగుకు వచ్చినవాళ్లు నలుగురు. అందులో ఇద్దరు సంఘం కార్యవర్గం. ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉండగా వజ్రపుకొత్తూరు నుంచి తొలి బస్సు వచ్చింది. దిగిన పదకొండు మందీ దిగీదిగగానే పరుగందుకున్నారు. అప్పట్లో డయాలసిస్ మిషన్లు తక్కువ. ఎవరి ఫైలు ఆస్పత్రి వరండాలో ముందు పెడితే వాళ్ల రోగికి ముందు వంతు. రోగి వెనక మెల్లగా నడిచొస్తాడు, ఇంట్లోవాళ్లు ఫైలు పట్టుకుని పరిగెడతారు. చుట్టచుట్టిన ఆ ఫైళ్లను సంఘం వారు రిలే కర్రలనుకున్నారు. భర్త సన్యాసిరావు ఫైలు పట్టుకుని అందరికంటే ముందొచ్చిన రత్నాలమ్మ, ఆస్పత్రి దారిలో సంఘం కట్టిన రిబ్బను తెంపింది. ఆవిణ్ణి పట్టుకుని, దండ వేసి, ఫొటోలు తీసి వదిలేసరికి మిగతా పది ఫైళ్లూ వరసలో ఉన్నాయి. సన్యాసిరావుకు ఆ రోజు వంతు రాలేదు. పతకం మాత్రం వచ్చింది. ఆయన మరో రెండేళ్లు బతికాడు.

"ఆ పదకొండు మందిలో ఈమె ఒక్కరే మిగిలారు," అని నాగరాజుగారు గొంతు తగ్గించారు. "తక్కినవాళ్లు ప్రోత్సాహం లేక పరుగు మానేశారు. ఇది మనందరి వైఫల్యం."

తీసుకెళ్లాల్సిన ఫైలే లేకపోయాక ఎవరు మాత్రం దేనికి పరిగెడతారని రత్నాలమ్మ మనసులో అనుకుంది.

తరువాత సన్మానం. శాలువా కప్పారు. కిలో జీడిపప్పు, గొట్టం గుచ్చిన కొబ్బరిబొండం చేతికిచ్చారు. ఆ రెండూ ముట్టొద్దని డాక్టరు ఆవిడకు ఎన్నోసార్లు చెప్పాడు. అతిథులను చిన్నబుచ్చకూడదని గొట్టం నోట్లో పెట్టుకుని, పీల్చకుండా ఫొటోకు నిలబడింది. అప్పుడు టైము ఆరూ నలభై.

"బాబూ, ఏడుకి నా వంతండి. కారు రమ్మనండి," అంది.

"ఆరు దాటాక కారు కూడా ఈ రోడ్డు మీదకి రాకూడదమ్మా. నియమం. మనమే పెట్టాం," అన్నారు నాగరాజుగారు, ఆ నియమం పట్ల గౌరవంతో.

ఇంతలో విశాఖ నుంచి వచ్చిన యాంకరు ప్రవల్లిక మైకు తెచ్చి మూతి దగ్గర పెట్టింది. "అమ్మా, ఆ రోజు మీకు స్ఫూర్తి ఎవరు?"

"స్ఫూర్తంటే ఏటో నాకు తెల్దమ్మా. ఫైలు ముందెట్టకపోతే మా ఇంటాయన్ని మిషన్ మీద ఎయ్యరు. అందుకే పరిగెట్టినాను. మీవోళ్లు రిబ్బను కట్టీసి ఆపీసినారు. ఇప్పుడా రోగం నాకే వొచ్చింది. ఏడు దాటితే నా కుర్సీ ఇంకొకలకి ఇచ్చీత్తారు. నన్నొగ్గీయండి, ఎల్తాను."

"విన్నారుగా! సమయపాలన అంటే నేటికీ ఎంత పట్టుదలో!" అంది ప్రవల్లిక. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగేలోపు రత్నాలమ్మ వేదిక దిగి, శాలువాతోనే పరుగందుకుంది. ఉబ్బిన కాళ్లు ఎంత పరిగెడతాయో అంతే. నడక అనడమే న్యాయం. అయినా యాంకరు పరుగనే ప్రకటించింది. బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న మూడు వందల మందీ ఆవిడ వెంటపడ్డారు. దాటిపోవడం అమర్యాద అని చుట్టూ చేరి, ఆవిడ వేగంతోనే నడుస్తూ సెల్ఫీలు తీసుకున్నారు. ముందు వీడియో తీసే మోటారుసైకిలు వెళ్తోంది. దానికి నియమంలో మినహాయింపు ఉంది.

"బాబూ, నన్నెక్కించుకోండి," అని అడిగింది.

"మిమ్మల్ని ఎక్కించుకుంటే ఇంక తీయడానికి ఏముంటదమ్మా," అన్నాడు బండిమీది మనిషి. న్యాయమైన మాటే.

ఆస్పత్రి ఆ దారిలోనే, కిలోమీటరు లోపే. గేటు కనబడింది. ఏడుకు ఇంకా మూడు నిమిషాలున్నాయి. కానీ సంఘం వాళ్లు ముందే చేరుకుని గేటుకు అడ్డంగా రిబ్బను కట్టి ఉంచారు. పదేళ్ల నాటి దృశ్యం మళ్లీ చూడాలని నాగరాజుగారికి కోరిక. ఆవిడ తెంపింది. మొదటిసారి ఎండ ఎదురు కొట్టిందని మళ్లీ కట్టి మళ్లీ తెంపించారు. దండ వేశారు. లోపలికి వెళ్లేసరికి ఏడూ పది. ఆవిడ కుర్చీలో, తెల్లవారుజాము నుంచి కాచుకుని ఉన్న బారువ ఊరి మనిషికి అప్పటికే సూదులు గుచ్చేశారు. ఖాళీ ఉంటే సోమవారం, లేకపోతే మంగళవారం రమ్మన్నారు.

రత్నాలమ్మ బయటికొచ్చి గేటు పట్టుకుని నిలబడి, "అందాకా నేనెలాగుంటాను?" అని అక్కడున్న మూడు వందల మందినీ అడిగింది.

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ఒక నిమిషం నిడివి. చివర్లో శాలువా కప్పుకున్న ముసలావిడ గేటు పట్టుకుని ఏదో అంటుంది. అక్కడ పాట పెట్టడం వల్ల మాట వినబడదు. పాట బాగుందని కింద మీరే రాశారు.