గట్టు మీది బీట్‌రూట్

పెరట్లో బీట్‌రూట్ పండించాలని ఉందా? అయితే విత్తనాలు తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఒక కోతుల మందను సంపాదించుకోండి!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. మాది వరంగల్‌లో పరకాల రోడ్డు వైపున్న హిల్ వ్యూ కాలనీ. కోతుల విషయంలో మాకు ఏ లోటూ లేదు. జనం వాటిని తిట్టిపోస్తుంటే నాకు బాధేస్తుంది. ఉపకారం చేసేవాళ్ళను తిట్టడం మనకు మొదటి నుంచీ అలవాటే కదా!

మా ఆవిడ శకుంతలకు ఒంట్లో రక్తం తక్కువుందని డాక్టరమ్మ చెప్పింది. మందులు రాసి, బీట్‌రూట్ బాగా తినమంది. మందులంటే షాపులో దొరుకుతాయి, బీట్‌రూట్ మాత్రం నా చేతులతో పండించి పెడతానని డాక్టరమ్మ ముందే మాటిచ్చేశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో శకుంతల నావైపు అంత ఆశగా చూడటం అదే మొదలు. కాబట్టి పంట తప్పడానికి వీల్లేదు.

పక్కింటి ఖాజా మొహినుద్దీన్ భాయ్‌ని సలహా అడిగాను. కోతుల బాధ పడలేక ఆయన ఇంటి చుట్టూ, పైనా ఇనుప జాలి కొట్టించుకున్నాడు. సాయంత్రం జాలి లోపల కుర్చీ వేసుకుని ఆయన చాయ్ తాగుతుంటే, కోతులు పిల్లల్ని తీసుకొచ్చి చూపించుకుంటాయి. ఇంతవరకు ఆయనకు పల్లీలు మాత్రం వేయలేదు.

"టమాటలు, బెండకాయలు పెడితే కండ్లకు కనపడ్తయి, తెంపుకపోతయి. జమీన్ లోపల పండేది పెట్టుండ్రి సార్. బీట్‌రూట్ అయితే ఏం ఫికర్ లేదు" అన్నాడు జాలి లోపలి నుంచి.

ఇంత తెలివైన మాట కాలనీలో ఎవరూ అనలేదు. నర్సంపేటలో తెలిసినవాళ్ళ దగ్గర పశువుల ఎరువు తెచ్చి, మడి కట్టి, విత్తనాలు వేశాను. ఇక కోతుల సేవలు వినండి.

బీట్‌రూట్ గింజ ఒక్కటి వేసినా మొలకలు గుంపుగా వస్తాయి. కొన్నిటిని పీకేసి పలచన చేయాలని యూట్యూబ్‌లో చెబుతారు. నాకేమో పచ్చటి మొలకను పీకాలంటే చెయ్యి రాదు. కోతులకు ఆ మొహమాటం లేదు. ఒక్క పూటలో మడంతా పలచన చేసి వెళ్ళాయి. కొన్నిచోట్ల మరీ పలచన చేశాయనుకోండి. ఫ్రీగా చేసే పనికి వంకలు పెడతామా?

ఆకు మరీ ఎక్కువైతే గడ్డ ఊరదంటారు. ఆ భయం కూడా లేకుండా ఎప్పటికప్పుడు ఆకు తుంచి తినిపోయేవారు. (అప్పటికే నేను కోతులను 'వారు' అనడం మొదలుపెట్టాను.)

ఇక ఆరోగ్యం! కర్ర పట్టుకుని పెరట్లోంచి డాబా మీదికి, డాబా మీంచి పెరట్లోకి పరిగెత్తీ పరిగెత్తీ నా పొట్ట తగ్గింది. అసోసియేషన్ మీటింగుకు ఎన్ని మెసేజ్‌లు పెట్టినా కదలని మనుషులు, కోతులు రాగానే కంచాలు మోగిస్తూ డాబాలెక్కి ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఇంతకంటే ఐకమత్యం ఏం కావాలి?

అయితే ఒక్క సంగతి నాకూ తెలియదు, మొహినుద్దీన్ భాయ్‌కీ తెలియదు. బీట్‌రూట్ బుద్ధిగా మట్టిలో పడి ఉండే రకం కాదు. కాస్త ఊరగానే ఎర్రటి భుజాలు పైకి పెట్టి, ఎవరైనా వస్తున్నారా అని చూస్తుంది.

వారు వచ్చారు. ఏ గడ్డ తయారైందో, ఏది కాలేదో నాకెలా తెలుస్తుంది? వారే ఒక్కోటీ పీకి, కొరికి చూసి, నచ్చనిది నా కోసం వదిలేశారు. కొత్తగా సున్నం వేసిన గోడ మీద ఎర్రటి చేతుల అచ్చులు వేసిపెట్టారు.

శకుంతల వరండాలో నిలబడి ఆ గోడను చాలాసేపు చూసింది. "డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పుండ్రి, బీట్‌రూట్‌తోని రక్తం మంచిగ పట్టిందని. నాకు గాదు, వాటికి" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మడి చివర కొన్ని గడ్డలు మిగిలాయి. భుజాలు కనపడకుండా వాటికి రోజూ మట్టి కప్పుతూ కాపాడాను. మొన్న వాటిని తవ్వి, కడిగి, శకుంతల కోసం వంటింట్లో పెట్టి, పని మీద కాశిబుగ్గ వెళ్ళాను. అక్కడుండగా మా అమ్మ మొగిలమ్మ ఫోన్ చేసింది.

"కోతులు గట్టు మీదికి పోయినయిరా బిడ్డా."

మా అమ్మ గుట్టను గట్టు అంటుంది. మా కాలనీ వెనుక గుట్ట ఉండబట్టే కదా హిల్ వ్యూ అని పేరు పెట్టారు! పీడ వదిలిందని మిఠాయి కొన్నాను. మొహినుద్దీన్ భాయ్‌కి జాలి సందులోంచి ఒక లడ్డూ అందించాను. "ముబారక్ సార్" అన్నాడు.

ఇంట్లోకి వచ్చి చూస్తే, వంటింట్లో స్టవ్ పక్కన కోతుల కుటుంబమంతా కూర్చుని నా బీట్‌రూట్ తింటోంది.

"గట్టు మీదికి పోయినయంటివి గదనే అమ్మా?"

"గట్టు మీదనే ఉన్నయి గదరా. కనపడ్తలేదా?"

నిజమే, వంట చేసుకునే బండను కూడా మా అమ్మ గట్టే అంటుంది. అదీకాక, సంతోషంలో నేను ఒక సంగతి మరిచిపోయాను. మా వెనుక గుట్ట ఇప్పుడు లేదు. బాంబులు పెట్టి పేల్చి, పలకలు కోసి, లారీలకెత్తి ఎప్పుడో తీసుకుపోయారు. దాని మీది సీతాఫలం చెట్లు, పరికి పండ్ల పొదలు దానితోనే పోయాయి. హిల్ పోయింది, వ్యూ మిగిలింది. ఆ వ్యూలో ఒక పెద్ద గుంత, అందులో పచ్చటి నీళ్ళు.

వంటింటి గట్టుకు గ్రానైట్ వేయించిన రోజు షాపతను నల్లటి పలకను ముద్దుగా నిమురుతూ, "దూరంకెళ్ళి తెచ్చింది గాదు సార్, మీ ఎనుక గుట్టదే" అన్నాడు. ఆ రోజు చాలా గర్వపడ్డాం. అమ్మ మాటలో తప్పేముంది? కోతులు వాటి గట్టు మీదికే వెళ్ళాయి. దాని మీద స్టవ్ పెట్టింది మేం.

శకుంతల ఇప్పుడు బీట్‌రూట్ మార్కెట్‌లో కొనుక్కుంటోంది. నన్ను ఆశగా చూడటం మానేసింది. కాలనీ వాళ్ళంతా పోరితే, కోతులు పట్టే రాకేష్‌కు నిన్న నేనే ఫోన్ చేశాను.

"పట్టుడు అల్కనే సార్. పట్టినంక యాడ ఇడిసిపెట్టాలె?" అని అడిగాడు.

"గట్టు మీద" అన్నాను.

"ఏ గట్టు సార్?"

వంటింటి వైపు చూశాను. మళ్ళీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.