పక్కకు తిరిగిన లక్ష్యం

సోమవారం పొద్దున కంప్యూటర్ తెర మీద తవిటినాయుడి పైకి వదిలిన క్షిపణి, సాయంత్రం ఆరింటికి కంప్యూటర్లన్నీ ఆపేశాక కూడా ఆగలేదు. తెరలోంచి బయటికి వచ్చి అతని వెనకాలే ఆఫీసు మెట్లు దిగింది. పన్నెండడుగుల పొడవు, తెల్లటి ఒళ్ళు, బూడిదరంగు ముక్కు. మనిషి ఛాతీ ఎత్తున గాలిలో తేలుతూ, మలుపుల దగ్గర తోక గోడకు తగలకుండా ఒద్దికగా తిప్పుకుంది. కింద సెక్యూరిటీ గార్డు దాన్ని చూసి, బయటికి వెళ్ళే వస్తువుల రిజిస్టరు తెరిచాడు.

"ఒకటేనా సార్?"

ఒకటేనన్నాడు తవిటినాయుడు. గార్డు సంతకం పెట్టించుకుని గేటు తీశాడు.

తవిటినాయుడు విశాఖపట్నంలో యుద్ధ విమానాల ఆట తయారుచేసే ఒక కంపెనీలో లక్ష్యంగా పనిచేస్తున్నాడు. ఉద్యోగం పేరే అది. లక్ష్యం, రెండో గ్రేడు. ఆ ఆట కొనుక్కున్నవాళ్ళు ఇంట్లో కూర్చుని విమానం నడుపుతారు, రాడారుతో శత్రువును వెతుకుతారు, గురి కుదిరాక క్షిపణి వదులుతారు. ఆ క్షిపణి అసలుదానిలాగే వెంటపడాలి, అసలుదానిలాగే మోసపోవాలి కూడా. సరిగ్గా మోసపోతోందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు రోజంతా శత్రు విమానం నడిపి కూలిపోతూ ఉండాలి. చెక్క అడ్డుగోడకు అవతల జ్యోత్స్న అనే అమ్మాయి పేల్చేది, ఇవతల తవిటినాయుడు కూలిపోయేవాడు. రోజుకు అరవైసార్లు, నాలుగేళ్ళ నుంచి. ఎదురుపడితే ఆమె అతన్ని గుర్తుపట్టడానికి ఒక క్షణం ఆలోచించేది. ఆమెకు అలవాటైన తవిటినాయుడు రాడారు తెర మీద ఒక ఆకుపచ్చ గీత.

అంతకు ముందు అతను ఇరవయ్యేళ్ళు ఎయిర్‌ఫోర్సులో, చివరి అయిదేళ్ళూ ఈ ఊళ్ళోనే, నిజం రాడారు ముందు కూర్చున్నాడు. ఆ ఇరవయ్యేళ్ళలో అతను కాపలా కాసిన ఆకాశంలోకి శత్రువన్నవాడు ఒక్కడూ రాలేదు.

మంగళవారం పొద్దున్నే పరీక్షల విభాగం అధికారి పట్నాయక్ గారు అతన్ని తన గదికి పిలిచారు. క్షిపణి కూడా వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"ఇది పరీక్షల రకం," అన్నారాయన, దాని ఒంటి మీద నంబరు చూసి రాసుకుంటూ. "లక్ష్యానికి రెండు గజాల దూరంలో ఆగిపోయేలా రాశాం. తగలగానే పేలిపోతే అది వెంటపడే తీరు మనం చూడలేం కదా. పేలడానికి వేరే పర్మిషన్ ఉంది. బెంగుళూరు నుంచి రావాలి. ఫైలు నిన్న సాయంత్రమే పంపేశాం."

"ఎన్నాళ్ళు పడతాదండి?"

"పదిహేను పనిదినాలు. మధ్యలో రెండు సెలవులున్నాయి."

"పర్మిషన్ వస్తే ఏటవుద్దండి?"

"పేలుద్ది నాయుడు గారూ. దరఖాస్తు పెట్టింది దానికే కదా."

ఫైలు వెనక్కి రప్పించే పద్ధతి లేదని, ఈలోపల గురి తప్పించుకోవడానికి మాత్రం అతనికి పూర్తి హక్కు ఉందని పట్నాయక్ గారు చెప్పారు. తప్పించుకునే విధానం ఒక కాగితం మీద గీసి చూపించారు. రాడారు ఆకారాన్ని చూడదు, కదలికను చూస్తుంది. దగ్గరికి వచ్చేదాన్ని పట్టుకుంటుంది, దూరంగా పోయేదాన్ని పట్టుకుంటుంది. రావడమూ పోవడమూ కాకుండా పక్కకు తిరిగి నడిచేదాన్ని నేల అనుకుంటుంది. నేలను లెక్కలోంచి తీసేస్తుంది.

"తొందరేం లేదు," అన్నారు. "నెలాఖరులోపు ఎప్పుడైనా తప్పించుకోండి. ఆ రోజు మాత్రం రిపోర్టు కావాలి."

తవిటినాయుడు కంచరపాలెంలో మేడమీది గదిలో ఒక్కడే అద్దెకుంటున్నాడు. ఇంటివాళ్ళు క్షిపణి గురించి అడిగింది ఒక్కటే, నీళ్ళు ఎక్కువ వాడుతుందా అని. వాడదన్నాక వాళ్ళకు అభ్యంతరం లేకపోయింది. మొదటి రెండు రోజులూ అతనికి నిద్ర సరిగా పట్టలేదు. మూడోనాడు తెల్లారి కళ్ళు తెరిచేసరికి బూడిదరంగు ముక్కు మంచం వైపే తిరిగి ఉంది. అతను ఎడమ పక్కకు ఒత్తిగిలితే అది ఎడమకు తిరిగింది. స్నానానికి వెళ్తే తలుపు దగ్గర నిలబడి, లోపల మగ్గు చప్పుడు ఎటు కదిలితే అటు ముక్కు కదిపింది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా అతను ఏ పక్కకు ఒత్తిగిలాడన్నది ఎవరికీ అవసరం పడలేదు. గురువారం నాటికి "పాలపేకెట్ తెస్తాను" అని దానికి చెప్పి బయల్దేరడం, అదీ వస్తోందని వీధిలోకి వెళ్ళాక గుర్తుకురావడం అలవాటైంది. ఎలాగూ వస్తోంది కదా అని, నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడేవాడు. దోమల గురించి, ఆఫీసు కేంటీన్లో సాంబారు గురించి, తను కొనుక్కుని వాడని ఇస్త్రీపెట్టె గురించి.

శనివారం సెలవు పెట్టి రైలెక్కి పార్వతీపురం వెళ్ళాడు. అక్కడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే సుభాషిణి అతని భార్య. తొమ్మిదేళ్ళ కిందట ఆమెకు అక్కడికి బదిలీ అయింది. నెలలో వస్తానన్నాడతను. తనే వచ్చేస్తానందామె. ఇద్దరిలో ఎవరూ రాలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు, గొడవేమీ జరగలేదు. ప్రతి ఆదివారం నాలుగు నిమిషాలు ఫోను. తిన్నారా అంటే తిన్నానని, నువ్వో అంటే నేనూ తిన్నానని.

సుభాషిణి తలుపు తీసి, ముందు అతన్ని, తరవాత అతని వెనక ఉన్నదాన్ని చూసింది.

"ఇదేటండీ?"

"క్షిపణి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సోమవారం నుంచి."

ఆమె చెంగుకు చెయ్యి తుడుచుకుని, ముక్కు మీద అరచెయ్యి ఆనించింది. "ఒళ్ళు కాలిపోతంది," అంది. లోపలికి పిలిచి ఇద్దరికీ ఫ్యాను వేసింది. అతనికి ఉప్మా పెట్టింది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, అతన్ని కాకుండా అతని వెనక దాన్నే చూసింది.

"అది మిమ్మల్ని ఒగ్గదా?"

"ఒగ్గదు. నెలాఖరుకి పర్మిషన్ వచ్చేస్తాది, అప్పుడు పేలతాది. ఈలోగా తప్పించుకోవచ్చట."

"ఎలాగ?"

"పక్కకి తిరిగి నడవాలి. దాని దగ్గరికి రాకూడదు, దూరం పోకూడదు. అలగుంటే నేననుకోదు, నేలనుకుంటాది."

సుభాషిణి ఖాళీ ప్లేటు తీసుకుని లేచింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగింది.

"అది మీకు బాగా వచ్చు కదండీ," అంది.

కోపం లేదు ఆ మాటలో. రోగి చార్టు చూసి చెప్పినట్టు చెప్పింది. తవిటినాయుడు తన సంచి దగ్గరికి లాక్కున్నాడు. ఉండమంటే ఉండిపోదామని సంచిలో రెండు జతల బట్టలు తెచ్చుకున్నాడు. అతను అడగాలని ఆమె, ఆమె అనాలని అతను, సాయంత్రం బండి వేళ దాకా ఊళ్ళో ఎండల గురించి మాట్లాడుకున్నారు. స్టేషనుకు దారి తనకు తెలుసన్నాడు. తెలుసు కదా అందామె.

ఆ తరవాతి బుధవారం ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో తప్పించుకునే కార్యక్రమం పెట్టారు. సమయం రాసుకోవడానికి జ్యోత్స్న అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో వచ్చింది. తవిటినాయుడు క్షిపణి వైపు కుడిభుజం పెట్టి, దాని చుట్టూ గుండ్రంగా, తొందరపడకుండా నడిచాడు. రెండు గజాలంటే రెండు గజాలే, తగ్గలేదు, పెరగలేదు. పట్నాయక్ గారు కిటికీలోంచి చూసి మెచ్చుకోలుగా తలాడించారు. అంత శుభ్రంగా పక్కకు నడిచే మనిషిని ఆయన చూడలేదు.

పదకొండో సెకనులో క్షిపణి ముక్కు తడబడింది. అతను ఉన్నచోటికి తిరిగింది, అతన్ని దాటి గోడ వైపు తిరిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. జాతరలో చెయ్యి వదిలేసిన పసిపిల్ల తల తిప్పినట్టు తిప్పింది. తవిటినాయుడు ఇక్కడే ఉన్నాను అందామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే జ్యోత్స్న ఇంకా బాగా చూద్దామని రెండడుగులు ముందుకు వేసింది. ముక్కు చటుక్కున ఆమె వైపు తిరిగి, ఆగిపోయింది.

"కదలకమ్మా!" అని అరిచాడు. "పక్కకి తిరుగు! నే చెప్తాను, పక్కకి తిరుగు!"

జ్యోత్స్న కదల్లేదు. తిరగనూ లేదు. తన గుండెకు సూటిగా ఉన్న ముక్కును చాలాసేపు చూసింది.

"పర్లేదు నాయుడు గారూ," అంది మెల్లగా. "హాస్టల్లో నా రూములో మూడో మంచం ఖాళీయే."

కాగితం మీద పదకొండు సెకన్లని రాసి, క్లిప్పు సర్దుకుని లోపలికి నడిచింది. క్షిపణి ఆమె వెనకాల మెట్లెక్కింది.

తవిటినాయుడు ఇంటికి నడిచి వచ్చాడు. వీపు చల్లగా ఉంది, చొక్కా చిరిగిందేమోనని రెండుసార్లు తడుముకున్నాడు.

గురువారం పొద్దున హాజరు యంత్రం ముందు ముఖం పెడితే, నేల అని చూపించింది. ఇంకోసారి పెట్టాడు. నేల. పైకి వెళ్తే పట్నాయక్ గారు అతని భుజం మీద ఫైళ్ళు పెట్టి, ఫోను మాట్లాడి, ఫైళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. కేంటీన్లో ఒకతను అతని పాదం మీద నిలబడి టీ తాగాడు. పరీక్ష మరీ బాగా జరగడంతో, దాని ఫలితాన్ని అన్ని రికార్డుల్లోనూ ఎక్కించేశారని తవిటినాయుడు అర్థం చేసుకున్నాడు. కనబడటానికి దారి లేకపోలేదు. ఎవరివైపైనా సూటిగా నడిస్తే వాళ్ళకు కనబడేవాడు. కానీ దగ్గరికి వచ్చేదాన్ని దాడిగా లెక్కించాలన్నది రాడారులో మొదటి నియమం. నాలుగడుగులు వేసేసరికి ఎదుటివాళ్ళు ఒక చెయ్యి ముందుకు చాపి, "ఏం కావాలి?" అనేవారు. ఏమీ వద్దనడానికి ఆగితే, మళ్ళీ నేల అయిపోయేవాడు.

అర్జీ రాసి పెట్టెలో వేశాడు. అయిదో రోజున జవాబు వచ్చింది. నేలకు ఉత్తరం అందించే పద్ధతి లేదు కనుక దాన్ని నేల మీద పెట్టారు. తమరు నేలగా నమోదైన మాట వాస్తవమేనని, నేల నుంచి అర్జీ స్వీకరించే వీలు లేనందున ఈ జవాబు రాయబడలేదని అందులో ఉంది.

నెలాఖరుకు బెంగుళూరు నుంచి పర్మిషన్ కూడా వచ్చింది, తవిటినాయుడి పేరు మీద. లక్ష్యం మారింది కాబట్టి ఫైలు మొదటి నుంచి నడవాలని జ్యోత్స్న అర్జీ పెట్టుకుంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు రాసి పంపిందని, అది సరిదిద్దుకుని తిరిగి వచ్చేసరికి ఇంకో అక్షరం తప్పు రాయబోతోందని ఆఫీసులో అందరికీ తెలుసు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి ఆమె క్షిపణితో ఏవో చెప్పుకుంటూ తినేది. ఆ పక్కనే గోడకానుకుని తవిటినాయుడు వినేవాడు. ఆమెకు నాన్న లేడని, పాటలు బాగా పాడుతుందని అతనికి నాలుగేళ్ళ తరవాత తెలిసింది.

ఆ ఆదివారం అతను సుభాషిణికి ఫోను చెయ్యలేదు. చేస్తే మళ్ళీ అదే నాలుగు నిమిషాలు. సూటిగా ఆమె ఎదుటికి నడిచి వెళ్ళాలని, చెయ్యి అడ్డం పెట్టినా ఆగకూడదని అనుకుని రైలెక్కాడు. సీటు దొరికింది గానీ విజయనగరం దాటేదాకా ఒళ్ళో ఒక కుటుంబం కూర్చుంది.

ఇంటికి తాళం వేసి ఉంది. డ్యూటీ అయి వచ్చే వేళే. వరండా మెట్టు మీద గోడకానుకుని కూర్చున్నాడు. వీధి చివర ఆమె కనబడగానే లేవాలనుకున్నాడు. పొద్దువాలే ఎండలో ఆమె నిజంగానే కనబడింది. తొమ్మిదేళ్ళలో అంత వంగిపోయిందని అతను గమనించలేదు. లేద్దామనుకునేలోపే దగ్గరికి వచ్చేసింది. చేతిసంచి అతని ఒళ్ళో పెట్టింది. చెప్పులు విడిచి, అబ్బా అని మెట్టు మీద కూలబడి, వీపు అతని భుజానికి ఆనించింది. తల వెనక్కి వాల్చి అతని మెడ పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి డెట్టాలు వాసన, కొబ్బరినూనె వాసన.

కాసేపటికి సంచి తడుముకుని ఫోను తీసింది. తవిటినాయుడి జేబులో ఫోను చప్పుడు లేకుండా వణికింది. అది ఆగేదాకా ఆమె చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

"ఎత్తరు," అంది తనలో తనే. "ఎప్పుడూ ఇంతే. మీరు ఇటొచ్చెయ్యకూడదా అని అడుగుదామనుకుంటాను. తిన్నారా అని అడిగేస్తాను."

తవిటినాయుడికి అంతా తెలుసు. ఆమె వైపు ఒక్క బెత్తెడు జరిగితే చాలు, కనబడతాడు. కనబడితే ఆమె ఉలిక్కిపడి సర్దుకుని కూర్చుంటుంది, ఎప్పుడొచ్చారని అడుగుతుంది, ఉప్మా చేస్తానని లోపలికి వెళ్తుంది.

వీధిలో పక్కింటావిడ నీళ్ళ బిందెతో పోతూ, "ఏటి సుభాషిణమ్మా, ఒక్కదానివీ కూకున్నావు?" అంది.

"నడుం పట్టేసిందమ్మా. ఇక్కడ కొంచెం ఆనుకోడానికి బాగుంది," అంది సుభాషిణి.

తవిటినాయుడు ఊపిరి చిన్నగా పీల్చి, చిన్నగా వదిలాడు. ఆమె మోచెయ్యి కదిలినప్పుడు ఒళ్ళోని సంచి జారబోయింది. మోకాళ్ళు ఆమెకు తెలియనంత నెమ్మదిగా కొంచెం పైకెత్తి, దాన్ని పడకుండా పట్టుకున్నాడు.