ఎనిమిది కిటికీలు, ముప్పైరెండు మేకులు

కిటికీలు ఉన్నది మూయడానికే. తెరిచి ఉంచడానికే అయితే గోడలో ఒక కంత వదిలేసి ఊరుకునేవాళ్ళు గదా! రెక్కలెందుకు, గడియలెందుకు, వాటికి ఏడాదికోసారి ఆకుపచ్చ రంగెందుకు?

పట్నాల్లో కొత్త మేడలు కట్టే ఇంజనీర్లకు ఈ సంగతి ఇప్పుడిప్పుడే బోధపడుతున్నది. నెల్లూరులో ఒకానొక సర్కారు ఆఫీసు హెడ్ క్లర్కు కామాక్షయ్యగారికి మాత్రం 1952లోనే బోధపడింది. ఆ ఏడు ఒక మధ్యాహ్నం మూడు గంటలకు సముద్రపు గాలి ఒక కిటికీలోంచి వచ్చి, ఆయన బల్ల మీది కాగితాన్ని ఎత్తుకుని, ఎదుటి కిటికీలోంచి వెళ్ళిపోయింది. రోడ్డు మీద మేక ఒకటి దాన్ని తినేసింది. మేకకేం, తిని తన దారిన తాను పోయింది. కామాక్షయ్యగారు రెండేళ్ళపాటు సంజాయిషీలు రాశారు.

గాలి చేసిన నేరానికి మర్నాడే వడ్రంగి వచ్చాడు. ఎనిమిది కిటికీలకు, కిటికీకి నాలుగు చొప్పున మేకులు దిగాయి. ఆనాటినుంచి ఆ గదిలోంచి ఒక్క కాగితం బయటికి పోలేదు. గాలీ పోలేదు. 1952 నాటి గాలి 1957 దాకా చెక్కుచెదరకుండా ఉంది. సర్కారు సొత్తును ఇంత భద్రంగా కాపాడిన ఉద్యోగి మరొకరుంటే చూపించండి!

పైగా మూసిన గదిలో ఎంత సమానత్వం! ఒకరు పీల్చి వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తారు. ఇందులో పై గ్రేడు లేదు, కింది గ్రేడు లేదు. అన్నదమ్ములు కూడా ఇంత కలిసిమెలిసి బతకరు.

ఈ కలుపుగోలుతనంలో చోటు దొరకనివాడు మాల్యాద్రి ఒక్కడే. మైపాడులో వల వేసుకునే ఇంటినుంచి వచ్చి గుమాస్తా అయిన మొదటివాడు. అతని క్యారేజీలో ఎండుచేపల కూర ఉండేది. మూత తీస్తే, బయటికి పోయే దారి లేక, ఆ వాసన సాయంత్రం దాకా ఫైళ్ళ మధ్య తిరిగేది. కామాక్షయ్యగారిది గుడ్డు పేరు కూడా ఎత్తని ఇల్లు. ఒకరోజు ఆయన మాల్యాద్రి బల్లను వరండాలోకి నెట్టించి, క్రమశిక్షణ చర్య అని రిజిస్టరులో రాశారు.

ఇంతలో ఫ్లూ జ్వరం వచ్చింది. మద్రాసు రేవులో ఓడ దిగిందట, రైలెక్కిందట, నెల్లూరులో దిగి నేరుగా ఆఫీసుకే వచ్చిందట. ముందు టైపిస్టు జీవానందం తుమ్మాడు. సాయంత్రానికి పక్క బల్ల తుమ్మింది. మర్నాటికి ఎదుటి వరస. ఆ ఆఫీసులో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు ఒక్కరోజులో చేరింది చరిత్రలో ఆ జలుబు ఒక్కటే. సంతకం కోసం ఆగలేదు, నంబరు అడగలేదు.

కామాక్షయ్యగారికి మాత్రం ప్రాణం కొట్టుకులాడింది. వచ్చే సోమవారం ఇన్‌స్పెక్షను. ఆరు నెలల్లో ఆయన రిటైరవుతారు. తనిఖీకి వచ్చే దొరగారు నాలుగు మంచి ముక్కలు రాసిపోతే ఈలోగా సూపరింటెండెంటు అవుతారు. ఒక్క నెల చేసినా చాలు, ఇంటి ముందు బోర్డు మీద ఆ మాట రాయించుకోవచ్చు. ముప్పై ఏళ్ళుగా ఆయన కోరుకున్నది అంతే. ఎనిమిది ఖాళీ కుర్చీలు చూసి ఏ దొర మంచి ముక్కలు రాస్తాడు?

అందుకని ఆయన బాగా ఆలోచించారు. జ్వరం బయటి గాలిలో ఉంది. కాబట్టి ఇంకా గట్టిగా మూయాలి! పాత ఫారాలు చింపి, మైదా జిగురు పూసి కిటికీ రెక్కల సందులన్నీ అంటించారు. అంగడంగడికీ తిరిగి సాంబ్రాణి పొగ వేసే నాగుల్ మీరాను పిలిపించారు. నాగుల్ మీరా గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు.

"కిటికీ ఒకటన్నా తియ్యండి సార్. పొగ యాడికి పోవాల?"

"పోగూడదనేగదయ్యా నిన్ను పిలిపించింది" అన్నారు కామాక్షయ్యగారు.

పొగ పోలేదు. మనుషులు పోయారు, ఇళ్ళకు. శుక్రవారానికి నలుగురు మిగిలారు, శనివారానికి కామాక్షయ్యగారు ఒక్కరే. ఆయనకూ గొంతులో గరగరగా ఉంది. ఒంటరిగా దగ్గడం కూడా బాగాలేక వరండాలోకి వచ్చారు. అక్కడ మాల్యాద్రి నిక్షేపంగా కూర్చుని రాసుకుంటున్నాడు. సముద్రపు గాలి బల్ల మీద కాగితాల అంచుల్ని మాత్రం ఆడిస్తున్నది. ప్రతి కాగితం మీదా చిన్న సీసపు గుండు ఉంది.

"నీకు జ్వరం రాలేదేందయ్యా?"

"లోపలుంటే వొచ్చేది సార్. నన్ను మీరు బయట పెట్టినారు గదా."

అతను నిష్ఠూరంగా అనలేదు. అందుకే కామాక్షయ్యగారికి సిగ్గేసింది. మాట మార్చడానికి ఆ గుండ్లేమిటని అడిగారు.

"మా నాయన పాత వలవి సార్. సముద్రంలోనే వలను కదలనియ్యవు, ఈ గాలెంత."

గాలిని ఆపకుండా కాగితాన్ని ఆపడం, ముప్పైరెండు మేకులు చేయలేని ఆ పని నాలుగు సీసపు గుండ్లు చేస్తున్నాయి. కామాక్షయ్యగారు ఒక గుండును చేతిలోకి తీసుకుని బరువు చూశారు. ఆదివారం తానొక పక్క, మాల్యాద్రి ఒక పక్క పట్టి బల్లలన్నీ వరండాలోకి చేర్చారు. మైపాడునుంచి బుట్టెడు గుండ్లు వచ్చాయి. బయటే కూర్చోవచ్చని తెలిసి, సోమవారానికి జ్వరం తగ్గిన ఆరుగురు వచ్చారు. దొరగారు వరండాలో చల్లగాలికి కాళ్ళు చాపుకుని కూర్చుని, ఫైలు విప్పకుండానే అన్నీ సక్రమంగా ఉన్నాయని రాసిపోయారు.

కామాక్షయ్యగారు సూపరింటెండెంటు అయ్యారు. దాంతోపాటే ఇంకో ఉత్తరువు వచ్చింది. వరండా నడవడానికేగాని రాయడానికి కాదు గనుక బల్లలు వెంటనే లోపల పెట్టవలెను. గుండ్లు తెప్పించిన మాల్యాద్రి సేవలను మెచ్చి అతనికి గది నడిమధ్య చోటు ఇవ్వవలెను.

అయితే మేకులు పీకిస్తే సరిపోలేదా అని మీరంటారు. ఆయన అనుమతి కోరుతూ రాశారు. జవాబు రావడానికి నెల పట్టింది. మేకులు పీకడానికి అనుమతి కావలసినచో, కొట్టడానికి ఇచ్చిన అనుమతి నకలు జతపరచవలెను! కొట్టినప్పుడు అనుమతి అడిగినవాళ్ళెవరు? కామాక్షయ్యగారు ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి, కిటికీల మాట మళ్ళీ ఎత్తలేదు.

కార్తీకం వానలకు జలుబులు మళ్ళీ మొదలయ్యాయి. గది నడిమధ్య గౌరవంగా కూర్చున్న మాల్యాద్రి మూడోరోజుకే తుమ్మాడు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కామాక్షయ్యగారి ముందు నిలబడ్డాడు.

"నన్ను మళ్ళా బయట పెట్టండి సార్."

"ఏం తప్పు చేసినావని?"

మాల్యాద్రి మూత తీశాడు. ఎండు నెత్తళ్ళు, చిటికెన వేలంత చేపలు. కామాక్షయ్యగారు ముక్కు మూసుకుని రిజిస్టరు తెప్పించి, క్రమశిక్షణ చర్య అని రాశారు. మాల్యాద్రి తన గుండ్లు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. దీన్ని పైవాళ్ళెవరూ ఆక్షేపించలేదు. మనిషికి గాలి సౌకర్యంగా ఇవ్వాలంటే అనుమతి కావాలి. శిక్షగా ఇవ్వడానికి అక్కర్లేదు.

ఈ సంగతి అందరికంటే ముందు అర్థమైంది జీవానందానికి. మర్నాడు అతని క్యారేజీలో నెత్తళ్ళు. ఆ మర్నాడు ఇంకో మూడు క్యారేజీల్లో. శనివారానికి గదిలో ఉన్న ఎనిమిదిమందీ ఎనిమిది వేరువేరు శిక్షల కింద వరండాలో కూర్చుని, గుండ్ల కింద కాగితాలు పెట్టుకుని, హాయిగా పనిచేసుకుంటున్నారు.

ముప్పైరెండు మేకుల మధ్య సూపరింటెండెంటుగారు ఒక్కరే మిగిలారు. ముందు పెరుగన్నం ఉంది, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. రిజిస్టరులో ఇంకో శిక్ష అప్పటికే రాసి ఉంది. పేరు దగ్గర తన పేరే ఉంది. తప్పు దగ్గర మాత్రం ఖాళీ. ఆయన గుమ్మం దాకా వచ్చి మాల్యాద్రిని మెల్లగా పిలిచారు.

"సోమవారం వొచ్చేటప్పుడు నాక్కూడా నాలుగు నెత్తళ్ళు తీసుకరా."

"మీరు తింటారా సార్?"

"తిననయ్యా. మూత తీసి పెట్టుకుంటా."