రంజని తెరచాప మాయమైన కేసు

"గుణా! ఆర్.కె.పేట నుంచి ఆత్తిపట్టు దాకా యాడన్నా నేరం జరిగిందంటే, అది నేను నిద్ర లేవకముందే జరిగుండాల! లేచినాంక ఎవురికుంటాది ఆ ధైర్యం?" అని ప్రకటించాడు వాసుదేవ. అప్పటికి మధ్యాహ్నం కావస్తోంది. వాడికి సెల్‌ఫోన్ రిపేరు కొట్టుంది, నల్ల కళ్లద్దాలున్నాయి, మోసుకు తిరగడానికి నా బండి ఉంది. బుర్ర సంగతి మాత్రం ఆ దేవుడికే తెలియాలి.

ఆ రోజు కేసు పంచెలు నేసే పచ్చయ్యప్ప ఇంట్లో. ఆయన కూతురు రంజని తెరచాప పడవల పందేనికి పులికాట్ సరస్సుకు పోవాలి. తామరైపాక్కం స్నేహితురాలు ధరణి వ్యాను తెచ్చింది. వెనక ఇద్దరి పడవలూ కట్టి ఉన్నాయి. రంజని తెరచాపే లేదు.

"రాత్రి ఇంట్లోనే పెట్టినా అన్నా. నాయిన తిరుత్తణికి పంచెలిచ్చేదానికి పోయుండాడు, ఫోను ఈడనే మరిచిపోయినాడు. సాయంత్రం లోపల తెరచాప కొలత చూపించకుంటే పందెంలో నా పేరు కొట్టేస్తారు. రెండేండ్లుగా దీనికే కదన్నా నేర్చుకుంటా ఉండేది!" అంది రంజని. నాకు జాలేసింది.

వాసుదేవ మగ్గం గది గుమ్మంలో నిలబడి గాలి గట్టిగా పీల్చాడు. "హత్య!"

"తెరచాప పోయిందన్నా."

"తెరచాప హత్య!"

వ్యాను దగ్గరికి పోయి ధరణి తెరచాప లాగి, టేపు తీశాడు. "రంజనీ, నీ తెరచాప ముందంచు ఎంత?"

"ఐదు మీటర్లకి జాన తక్కువ."

"కిందంచు?"

"రెండున్నర మీటర్లకి రెండు వేళ్లు తక్కువ."

కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. "దొరికినావు ధరణీ! ఇది రంజనిదే!"

"అయ్యో, ఈ రకం పడవలన్నీ ఒకటే అచ్చు, తెరచాపలన్నీ ఒకటే కొలతన్నా! ఎవురికీ గుడ్డ ఎక్కువుండకూడదు, నడిపే తెలివితోనే గెలవాల. నంబరు చూడు, ఇది నాదే."

"అందరివీ ఇదే కొలతా?"

"ఆమా, అందరివీ."

"అయితే అందరూ దొంగలే! గుణా, పెద్ద ముఠారా ఇది!"

ధరణికి ఒళ్లు మండింది. "నీ కోసరం ఆగినందుకు నేను దొంగనా రంజనీ? పోతా ఉండా!" వ్యాను స్టార్టయింది. రంజని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఆగండి!" అంటూ వాసుదేవ మగ్గం గదిలో దూరాడు. ఆ చీకట్లోనూ నల్ల కళ్లద్దాలు తీస్తే కదా! "నేరస్థుడు ఇట్లా వెనక్కి అడుగేసి..."

అడుగేసి చూపించాడు. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలోకి నడుం దాకా దిగిపోయాడు. పడుతూ పడుతూ, నేసిన బట్ట చుట్టుకునే కొయ్యను పట్టుకున్నాడు. అది రెండు పంచెలు పక్కపక్కనే నేసే వెడల్పాటి మగ్గం. కొయ్య మీద కప్పిన దుప్పటి జారింది, కొయ్య గిర్రున తిరిగింది, మగ్గం పోగులు పటపటా తెగాయి, తెల్లటి తెరచాప వాడి నెత్తిన పరుచుకుంది. దాని మీద ఒక్క ముడతైనా లేదు.

"నాయినే చుట్టినాడు!" అంది రంజని. "మడిచి పెట్టినానని రాత్రి తిట్టినాడు, మడత పడితే బట్ట పాడవుతుందని." ఆడపిల్లకు పడవల పిచ్చేందని రోజూ సణిగే మనిషి, ఆ తెరచాపను తను నేసిన పంచెల మీదే చుట్టి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి మరీ పోయాడు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. నాకూ కళ్లు చెమర్చాయి.

"ఈడనే ఉంటాదని నాకు ముందే తెలుసు!" అంది తెరచాప కింది నుంచి ఒక గొంతు.

అప్పుడే టౌన్ బస్సు దిగి వచ్చిన పచ్చయ్యప్ప తెరచాపను అరచేత్తో నిమిరాడు. "కొలిచి చూసినా పాపా. రెండు పంచెలకు కూడా రాదే ఇది! గాలికి చాలునా?"

"చాలు నాయినా. అందరికీ ఇంతే."

"అట్లయితే గెలిచి రా."

కోపంగా స్టార్ట్ చేసినా వ్యాను కదల్చని ధరణి హారన్ కొట్టింది. రంజని పరిగెత్తింది. వాసుదేవ కూడా గుంతలోంచి లేవబోయాడు. పచ్చయ్యప్ప వాడి భుజం నొక్కి కూచోబెట్టాడు.

"యాడికి డిటెక్టివు సారూ? నువ్వు తెంచిన పోగులన్నీ అతికినాంక లేద్దువులే."