ఎవరో ఒకరు వెళ్ళి స్టవ్ కట్టేస్తారు

కుక్కర్ విజిల్ వేయగానే హైమవతి కాళ్ళు ఎప్పటిలాగే ఆమెను అడగకుండా లేచి వంటింటికి నడిచాయి. ఇంట్లో గొడవ మాత్రం కందిపప్పుకు మూడు విజిళ్ళు చాలా, నాలుగు పడాలా అని.

"నాలుగు పడాలి," అన్నాడు భర్త సత్యప్రసాద్, పేపర్ దించకుండా.

"మీకేం, కూర్చుని లెక్కపెడతారు. ఒక్కో విజిల్‌కీ రెండేసి సార్లు నడుస్తున్నది నేను!"

ఆ ఊళ్ళో ప్రతి ఇంటి చప్పుడుకూ వార్డు కార్యాలయంలో ఒక పేజీ ఉంటుంది. బెల్ మోగితే ఎవరు తలుపు తీయాలి, కుక్కర్ కూస్తే ఎవరు లేవాలి అన్నది పెళ్ళయిన వారంలోపు నమోదు చేయించాలి. నమోదయ్యాక మనిషి ఇష్టంతో పని లేదు. చప్పుడు కాగానే కాళ్ళు వెళతాయి. వినబడనంత దూరంలో ఉన్నా వెళతాయి. నడిరోడ్డు మీద ఉన్నట్టుండి వెనక్కి తిరిగే ఆడవాళ్ళ కోసం పురపాలక సంఘం విడిగా ఒక కాలిబాట కూడా వేయించింది.

కిందటి గురువారం దాకా హైమవతి దీన్ని పట్టించుకోలేదు. ఆ రోజు పాలిటెక్నిక్‌లో లెక్కల టీచరు ఉద్యోగానికి ఆమె నమూనా పాఠం చెప్పాలి. ఇరవై రెండేళ్ళ తర్వాత చాక్‌పీస్ పట్టుకుంది. బోర్డు మీద సూత్రం సగం రాసేసరికి ఇంట్లో కుక్కర్ కూసింది. చాక్‌పీసుతో సహా రెండున్నర కిలోమీటర్లు నడిచి వచ్చి స్టవ్ కట్టేసింది. ఆ రోజు సెలవు పెట్టి స్టవ్ పక్కనే నిలబడి ఉన్న సత్యప్రసాద్ ఆమెకు దారిచ్చాడు.

ప్రిన్సిపాల్ మర్యాదస్తురాలు. పాఠం బాగుందనీ, వచ్చే సోమవారం గంటసేపు తరగతిలో ఉండగలిగితే ఉద్యోగం ఆమెదేననీ కబురు పంపింది.

పప్పు గొడవ తేలకుండానే హైమవతి కూతురు సంహితను వెంటబెట్టుకుని వార్డు కార్యాలయానికి వెళ్ళింది. గుమస్తా పైడిరాజు పేజీ తీశాడు. పేరు ఉండవలసిన గడిలో సత్యప్రసాద్ చేతిరాత: 'ఎవరో ఒకరు వెళ్ళి స్టవ్ కట్టేస్తారు.'

"పని రాసుంది గానీ పేరు లేదు మేడం. ఎవర్ని తీసెయ్యమంటారు?"

"ఆ ఎవరో ఒకర్నే తీసేయండి. కావాలంటే అదే మాట కాగితం మీద రాసిస్తాను."

"మీరు రాసిచ్చేది ఇంకో ఎవరో ఒకరండి. అక్షరం పొల్లుపోకపోయినా అదీ ఇదీ ఒకటి కాదు. మొన్న శుక్రవారం మీవారు కూడా ఇలాగే రాసిచ్చారు. తీసెయ్యడానికి పాతది దొరక్క, దాన్ని కొత్తగా చేర్చేశాం."

వారం రోజులుగా తను ఒక్కో విజిల్‌కూ రెండుసార్లు ఎందుకు వెళుతోందో హైమవతికి అప్పుడు అర్థమైంది.

"మా ఆఫీసులోనూ ఇదే తంటా అమ్మా," అంది ప్రోగ్రాములు రాసే సంహిత. "బటన్ నొక్కితే జరగాల్సిన పనిని పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసి తగిలించేస్తాం. లాంబ్డా అంటాం. రాసేటప్పుడు హాయిగా ఉంటుంది. తర్వాత తీసేద్దామంటే పట్టు దొరకదు. మళ్ళీ అదే రాసి తియ్యమంటే కంప్యూటర్ సరేనంటుంది గానీ తియ్యదు. ముందే ఒక డెలిగేట్‌లో పెట్టుకుంటే తగిలించేదీ దాన్నే, తీసేదీ దాన్నే. ఫంక్షన్ అంటే పని. డెలిగేట్ అంటే ఆ పనిని పట్టుకునే పిడి. నాన్న నిన్ను పేరు లేకుండా ఒక్క లైన్లో రాసేశాడు."

పైడిరాజు శ్రద్ధగా విన్నాడు. "ఒక్కర్ని తియ్యలేం గానీ, చప్పుడు చేసే వస్తువు ఎవరిదో వాళ్ళడిగితే జాబితా మొత్తం తుడిచెయ్యొచ్చండి. కుక్కర్ ఎవరిది?"

సంహిత ఇంటికెళ్ళి కుక్కర్ తెచ్చింది. పక్కన చుక్కలు చుక్కలుగా 'హైమవతి' అని కొట్టి ఉంది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు సామానంతటి మీదా అలాగే పేరు కొట్టించి పంపారు. ఆ ఇంట్లో ఆమె పేరు రాసే అవసరం మళ్ళీ ఎవరికీ కలగలేదు. పైడిరాజు ఆ చుక్కల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, ముద్ర వేశాడు.

ఆ పూట భోజనాల దగ్గర హైమవతి అందరికీ వడ్డించి, తనూ కూర్చుని చెప్పింది.

"కుక్కర్ జాబితా ఖాళీ చేయించాను. రేపట్నుంచి విజిల్ వేస్తే ఈ ఇంట్లో ఎవరి కాళ్ళూ వాటంతట అవి లేవవు. ఇదిగో కొత్త కాగితం. ఈసారి పేర్లతో రాయాలి. సోమ, బుధ, శుక్రవారాలు మీరు. మంగళ, శని సంహిత. మిగతావి నేను."

"నన్ను పెళ్ళప్పుడే వార్డు కార్యాలయంలో వద్దన్నారు," అన్నాడు సత్యప్రసాద్.

"విజిల్ వేస్తే 'ఆఁ, చూస్తున్నా' అని జవాబిచ్చావట నాన్నా," అంది సంహిత. "అక్కడ జవాబులు తీసుకోరు. పని చెయ్యాలంతే."

సత్యప్రసాద్ కాగితానికి పప్పు అంటకుండా ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఆఫీసులో ఉన్నా నా కాళ్ళు వచ్చేస్తాయా?"

"వచ్చేస్తాయి."

"మధ్యలో మానెయ్యాలనిపిస్తే?"

"మానెయ్యొచ్చు. పేరుంటుందిగా," అంది హైమవతి.

ఆయన కాగితాన్ని కంచం పక్కన పెట్టాడు. తర్వాత ఆ ఎడమచేత్తోనే పెన్ను తీసుకుని, వంకరటింకరగా, ఇంటిపేరుతో సహా రాశాడు.