మెట్ట మీద కొలనుల ప్రదర్శన

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క మడుగు ఉండేది. అందులో డిప్పమ్మ అనే ముసలి తాబేలు అరవై ఏళ్లుగా కాపురముంటోంది. దాహమేసిన ప్రతి ప్రాణీ అక్కడికే వచ్చి, ఆమెను పలకరించి, నీళ్లు తాగి పోయేది. ఇంతకంటే సౌకర్యం కావాలని ఎవరికీ తట్టలేదు. అదే పెద్ద లోపమని నాగభూషణం అనే నక్క కనిపెట్టాడు.

నాగభూషణం అడవి ఈతకొలనుల వ్యాపార సంఘానికి కార్యదర్శి. అడవిలో ఈతకొలను ఒక్కటీ లేకపోయినా, సంఘం మాత్రం మూడేళ్లుగా ఉంది. ఆ వేసవిలో ప్రాంతీయ ప్రదర్శన పెట్టాలని వాళ్లు తీర్మానించారు. మడుగు పక్కనున్న మెట్ట మీద, అందరికీ కనబడేలా, కోతులు రాళ్లు పేర్చి ఎనిమిది కొలనులు కట్టాయి. కట్టాక గుర్తొచ్చింది, నీళ్లు కూడా కావాలని.

నాగభూషణం డిప్పమ్మ దగ్గరికి వెళ్లి, మెడలో 'గౌరవ అతిథి' అన్న బిళ్ల వేశాడు.

"మూడు రోజులే పిన్నీ. ప్రదర్శన కాగానే నీ మడుగు నీకు నింపేస్తాం," అన్నాడు.

ఆమెను అరవై ఏళ్లలో ఎవరూ అతిథిగా పిలవలేదు. పైగా పిన్ని అన్నాడు. డిప్పమ్మ కాదనలేకపోయింది. కోతులు సొరకాయ బుర్రలతో సాయంత్రానికల్లా మడుగు తోడేశాయి. నీళ్లతో పాటు చేపలూ మెట్టెక్కాయి.

ప్రదర్శన ఘనంగా మొదలైంది. ప్రతి కొలను ముందూ 'నీళ్లు ముట్టరాదు' అని బోర్డు పెట్టారు. ఎలుగుబంటి ఒక గుంటలో పొగపెట్టి ఆవిరిస్నానమన్నాడు. అందులో దిగిన అడవిపంది దగ్గుతూ బయటికొచ్చి, ఒళ్లు భలే తేలికైందని చెప్పాడు. బంధువుల ముందు పరువు పోకూడదుగా. లేతాకుల మీద రాసిన కరపత్రాల కోసం జింకలు మూడేసి సార్లు వరసలో నిలబడ్డాయి, చదవడానికి కాదు, తినడానికి. కోమలాంగి అనే కొంగ నీళ్లు శుభ్రం చేసే విద్య చూపించింది. మధ్యాహ్నానికల్లా ఆమె కొలనులో ఒక్క చేప లేదు. సంఘం వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చేపల్ని పేరుపేరునా ఎరిగిన డిప్పమ్మ మాత్రం కొట్టలేదు.

మెట్ట మీది వేదికపై కూర్చోబెట్టిన ఆమె డిప్ప ఎండకు పెనంలా కాలుతోంది. కింద మడుగులో బురద పగుళ్లిస్తోంది. కాసేపు నీళ్లలో దిగుతానని అడిగితే కాపలా ఉన్న రేచుకుక్క ఒప్పుకోలేదు.

"అవి నా నీళ్లు నాయనా."

"కావచ్చమ్మా. గౌరవ అతిథులు వేదిక మీదే ఉండాలని రాసుంది."

నాగభూషణాన్ని నిలదీస్తే గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. కొలనులకు గిరాకీ బాగుంది, నీళ్లు కిందికి దించే మాటే లేదు. కావాలంటే ఆమెకు వారానికోసారి స్నానం ఇప్పిస్తాడట, పిన్ని కాబట్టి.

డిప్పమ్మకు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. తాబేలుకు కోపం మెల్లగా వస్తుంది గానీ, వచ్చాక తొందరగా పోదు.

సాయంత్రం ముఖ్య అతిథిగా ఏనుగు భద్రయ్యగారు కుటుంబ సమేతంగా వచ్చారు. మర్యాదకు గౌరవ అతిథిని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. డిప్పమ్మ సంఘాన్ని పొగిడింది, కార్యదర్శిని పొగిడింది, కొలనుల గట్టిదనాన్ని మరీ పొగిడింది.

"ఇంత గొప్ప కొలనుల్ని ఊరికే చూసి వెళ్లిపోతే ఎట్లా? భద్రయ్యగారు పిల్లాపాపలతో దిగి, బాగుందని ఒక్క మాటంటే చాలు, అడవంతా కొంటుంది," అంది.

నాగభూషణం ముఖం మాడిపోయింది. కానీ అందరూ చప్పట్లు కొడుతుంటే, ముఖ్య అతిథిని పట్టుకుని నీళ్లు ముట్టొద్దని ఏ కార్యదర్శి అనగలడు? నవ్వుతూ తనే ముందు నడిచి దారి చూపించాడు.

భద్రయ్యగారు మొదటి కొలనులో కూర్చున్నారు. గోడ కూలింది. ఆ ఊపుకు రెండోది కూలింది. మిగతా ఆరింటినీ కుటుంబ సభ్యులు చూసుకున్నారు. బోర్డులనూ, ఆవిరి గుంటనూ, పొట్ట బరువుతో ఎగరలేని కోమలాంగినీ, కార్యదర్శినీ వెంటేసుకుని నీళ్లన్నీ మెట్ట దిగి మడుగులోకి దూకాయి. డిప్పమ్మ తలా కాళ్లూ లోపలికి ముడుచుకుని ఆ నీళ్లతోనే ఇంటికి జారింది.

నాగభూషణం బురదలోంచి మూతి పైకెత్తి, "పిన్నీ, ఒడ్డు ఎటు?" అని అడిగాడు.

"ఉండు నాయనా, ముందు నన్ను గుక్కెడు నీళ్లు తాగనీ," అంది డిప్పమ్మ.

నీతి: మీ సొత్తు పట్టుకుపోయేవాణ్ణి ఎప్పుడూ అడ్డుకోకండి, వీలైనంత ఎత్తున కూర్చోబెట్టి, నాలుగు మాటలు పొగిడి, ఏనుగుల్ని పంపండి.